కళ్ళజోడు పైలట్‌కి అయిదు నిమిషాలు

"ఆంటీ, నేను జర్మన్ పైలట్ గురించి చెప్తాను."

ఆ మాటకి క్లాసులో పిల్లలందరూ వెనక్కి తిరిగి చూశారు. అప్పటిదాకా అందరూ అనుకున్నట్టే సాగింది. దేశం కాని దేశంలో మేం నడుపుకునే తెలుగు బడి వార్షికోత్సవానికి ఆ ఏడాది ప్రసంగాల అంశం "నాకు నచ్చిన జీవితం". ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. ఇద్దరు స్వాతంత్ర్య సమరయోధుల పేర్లు చెప్పారు. ముగ్గురు ఒకే శాస్త్రవేత్తని ఎంచుకున్నారు. ఒకడు క్రికెటర్ అన్నాడు. వాళ్ళ ప్రసంగాలు అప్పటికే అమ్మల ఫోన్లలో తయారుగా ఉన్నాయని నాకు తెలుసు.

వారమంతా నేను చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం చేస్తాను. శనివారం ఉదయం సెంగ్‌కాంగ్‌లో మా బ్లాకు కింద గదిలో పిల్లలకి తెలుగు చెప్పేదాన్ని. అక్కడ మాత్రం తప్పులు పట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాను. తప్పు పట్టగానే ఈ పిల్లలు ఇంగ్లీషులోకి దూకేస్తారు. మళ్ళీ బయటికి రారు.

పైలట్ మాటెత్తిన ఆ అమ్మాయికి పదమూడేళ్ళు. క్లాసులో ఎక్కువ మాట్లాడేది కాదు. దళసరి కళ్ళజోడు, అద్దాల వెనక కళ్ళు చిన్నవిగా కనిపించేవి. జురాంగ్ వెస్ట్ నుంచి వచ్చేది, అంటే ఊరికి ఆ చివరి నుంచి ఈ చివరికి, రెండు రైళ్ళు మారి. వాళ్ళ నాన్న తీసుకొచ్చి, క్లాసు అయ్యేదాకా బయట బెంచీ మీద కూర్చునేవాడు. ఆయనది శ్రీకాకుళం వైపు. జురాంగ్‌లో ఒక ఫ్యాక్టరీలో లేత్ మెషిన్ నడుపుతాడు. మిగతా నాన్నలంతా ఐటీ, బ్యాంకులు. వాళ్ళు కాఫీ తాగుతూ చేసుకునే కబుర్లలో ఆయన కలిసేవాడు కాదు. వాళ్ళూ పిలిచేవాళ్ళు కాదు.

"ఏ పైలట్ అమ్మా?" అన్నాను.

"మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడు. విమానాల్లో ఫైట్ చేసిన ఫస్ట్ బ్యాచ్‌లో ఒకాయన. ఆయనకి స్పెక్స్ ఉన్నాయి ఆంటీ. స్పెక్స్ పెట్టుకునే ఫ్లై చేశాడు."

క్లాసు అయ్యాక విషయం చెప్పింది. స్కూల్లో పెద్దయ్యాక ఏమవుతారని అడిగారట. పైలట్ అంది. పక్క పిల్ల నవ్వి, "నీకు కుదరదు, నీ స్పెక్స్ ఎంత థిక్కో చూసుకో" అంది. టీచరు ఆ పిల్లని ఏమీ అనలేదు. ఈ అమ్మాయి ఇంటికెళ్ళి ఏడవలేదు. లైబ్రరీకి వెళ్ళింది. కళ్ళజోడుతో విమానం నడిపినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వెతికింది. వెతికితే నూరేళ్ళు దాటిన ఒక ఫొటో దొరికింది. మిలిటరీ కోటు, నున్నగా దువ్విన జుట్టు, ముక్కు మీద కళ్ళజోడు, ఇంకా కుర్రతనం వదలని మొహం. ఆ ఫొటో ప్రింటు తీసి తెలుగు వాచకంలో పెట్టుకుంది.

నేను నోట్‌బుక్కులో ఆమె పేరు ఎదురుగా "జర్మన్ పైలట్" అని రాసుకున్నాను. అందరి అంశాలూ బడి గ్రూపులో పెట్టాను. అంతే చేశాను. గొడవ దానితోనే మొదలైంది.

సోమవారం మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్లో అన్నం తింటుండగా ఫోనొచ్చింది. మా బడి పెట్టిన పెద్దాయన. అందరం అంకుల్ అనే పిలుస్తాం. ఆయన్ని చెడ్డవాడిగా చూపించడం నా ఉద్దేశం కాదు. ఆయన పూనుకోకపోతే ఆ బడే ఉండేది కాదు. గది కోసం తిరిగింది ఆయనే, పుస్తకాలు హైదరాబాదు నుంచి మోసుకొచ్చిందీ ఆయనే.

"అమ్మా, ఆ పాపతో అంశం మార్పించు," అన్నాడు.

"ఎందుకంకుల్?"

"యుద్ధంలో మనుషుల్ని చంపినవాడి కథ పిల్లలకెందుకు? పైగా ఆ యుద్ధంలో మన దేశంవాళ్ళు వాళ్ళకి ఎదురు నిలబడి పోరాడారు. అతిథులొస్తారు. రేపు తల్లిదండ్రులు అడిగితే నేనేం చెప్పాలి?"

"అది అడగాల్సిన ప్రశ్నే అంకుల్. ఆ అమ్మాయినే ఆలోచించమంటాను. చంపాడన్న మాట దాచకుండా చెప్తుంది."

"సరే, అదలా ఉంచు. అసలు తెలుగులో ఎలా చెప్తుంది? ఇంజను, మెషిన్ గన్ను, ప్రొపెల్లరు... ఆ మాటలే మనకి లేవు. ముక్కకి మూడు ఇంగ్లీషు మాటలొస్తాయి. హాయిగా ఒక భక్తుడి కథో, కవి కథో చెప్పించు. మన భాషకి నప్పేది చెప్పించు."

ముందు చెప్పిన కారణాలకి నాకు కోపం రాలేదు. ఈ చివరిదానికి వచ్చింది. చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాను.

నేను ప్రకాశం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. జడత్వం, త్వరణం, ఘర్షణ, ద్రవ్యవేగం అన్నీ తెలుగులోనే నేర్చుకున్నాను. బస్సు సడన్‌గా ఆగితే ముందుకి ఎందుకు తూలుతామో మా సైన్సు మేష్టారు తెలుగులో చెప్పారు, తెలుగులోనే అర్థమైంది. ఇంజనీరింగ్‌లో చేరిన మొదటి వారం లెక్చరరు ఏదో అడిగితే, నోరు జారి "జడత్వం సార్" అన్నాను. క్లాసంతా పగలబడి నవ్వింది. ఆ నాలుగేళ్ళూ నా పేరు జడత్వమే. అప్పుడు నోరు మూసుకున్నాను. ఇంగ్లీషు నేర్చుకున్నాను, ఉద్యోగం తెచ్చుకున్నాను, సముద్రం దాటాను. కానీ నా భాషకి చేతకాదని ఆ రోజూ నేను ఒప్పుకోలేదు. చేతకానిది నవ్వినవాళ్ళకి.

"అంకుల్, మన భాషకి ఏది నప్పుతుందో చెప్పి చూస్తే తెలుస్తుంది. ఆ అమ్మాయి చెప్తుంది," అన్నాను.

"నీ ఇష్టం," అని పెట్టేశాడు. ఆయన నీ ఇష్టం అన్నాడంటే అది నా ఇష్టం కాదని అర్థం. నాకు తెలుసు. అయినా నేను నా ఇష్టమనే తీసుకున్నాను.

తరవాతి ఆదివారం జురాంగ్ వెస్ట్‌లో వాళ్ళ ఫ్లాటుకి వెళ్ళాను. అమ్మాయి చాలా పుస్తకాలు చదివేసింది, అన్నీ ఇంగ్లీషులో. తెలుగులో చెప్పమంటే రెండో వాక్యానికే ఆగిపోయింది.

"తుపాకీ విమానం ముందు ఉంటుంది ఆంటీ. దాని ముందు ప్రొపెల్లర్ తిరుగుతూ ఉంటుంది. బుల్లెట్ వెళ్ళి బ్లేడ్‌కి తగిలితే ప్లేన్ పడిపోతుంది కదా. సో... దే హాడ్ దిస్ గేర్... ఎలా చెప్పాలో తెలియట్లేదు." కాగితం బల్ల మీద పడేసింది.

నాకూ తెలియలేదు. ద్రవ్యవేగం వచ్చుగానీ, ఆ మర లోపలి సంగతి నాకు రాదు. అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి వింటున్న వాళ్ళ నాన్న మెల్లిగా ముందుకొచ్చాడు.

"ఏటండి మేడమ్, నేనోమారు సెప్పొచ్చా?"

"చెప్పండన్నా."

ఆయన టేబుల్ ఫ్యాను దగ్గరికి లాక్కున్నాడు. "ఇదిగో, ఈ పంకా తిరుగుతున్నాదనుకో. దీని యెనక తుపాకీ ఉంది. రెక్క అడ్డొచ్చినప్పుడు పేలకూడదు, రెక్క తప్పుకున్నాక పేలాలి. అవునా? ఆ రెక్క ఎప్పుడు ఎక్కడున్నాదో తుపాకీకి ఎలాగ తెలుస్తది? ఇంజనుతో పాటు తిరిగే బిళ్ళ ఒకటెడతారు. ఆ బిళ్ళకి ఒకపక్కన ఉబ్బుంటది. తిరిగి తిరిగి ఆ ఉబ్బు వొచ్చి కడ్డీని తోస్తది. తోసినప్పుడే తుపాకీ పేలుతుంది. ఉబ్బు ఎక్కడుండాలో కొలుసుకుని పెట్టుకుంటే సాలు, రెక్కకి దెబ్బ తగల్దు. మా మెషిన్లలో ఇలాటివి బోల్డున్నాయి."

పంకా. రెక్క. బిళ్ళ. ఉబ్బు. కడ్డీ. నేనూ ఆ అమ్మాయీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మనకి లేవన్న మాటలన్నీ ఆయన నోట్లో ఉన్నాయి. మూడేళ్ళుగా మా గది బయట బెంచీ మీద కూర్చునే ఉన్నాయి. మేమెవ్వరం లోపలికి పిలవలేదు.

అమ్మాయి పెన్ను తీసుకుంది. "నాన్నా, మళ్ళీ చెప్పు. స్లోగా."

ఆ తరవాతి వారాల్లో ఆయన ఫ్యాక్టరీలో మిగిలిన తుక్కు అడిగి తెచ్చి ఒక మర చేశాడు. పిడి పట్టుకుని తిప్పితే రెండు రెక్కల పంకా తిరుగుతుంది. దాని వెనక ఉబ్బున్న బిళ్ళ, కడ్డీ, తుపాకీకి బదులు చిన్న బల్బు. రెక్క బల్బుకి అడ్డొచ్చినప్పుడు దీపం ఆరిపోతుంది, తప్పుకోగానే వెలుగుతుంది. ఎంత వేగంగా తిప్పినా ఒక్కసారి కూడా రెక్క మీద వెలుతురు పడలేదు. నేను పది నిమిషాలు తిప్పుతూ కూర్చున్నాను, చిన్నపిల్లలాగా.

మధ్యలో ఒక రోజు అమ్మాయి ఫోన్ చేసింది. గొంతు వేరేగా ఉంది.

"ఆంటీ, ఆయన షూట్ చేసిన ప్లేన్లలో ఉన్నవాళ్ళు కూడా ఆయన ఏజే. యంగ్. ఇళ్ళలో వాళ్ళకీ అమ్మలున్నారు. నేను ఆయన్ని లైక్ చేయొచ్చా?"

"నీకేమనిపిస్తోంది?" అన్నాను.

"ఫ్లై చేయడం నచ్చింది. షూట్ చేయడం నచ్చలేదు."

"రెండూ చెప్పు మరి. ఒకటి దాచితే అది ఆయన కథ కాదు."

"అంకుల్‌కి కోపం వస్తుందా?"

"రానీ."

వార్షికోత్సవం నాడు కమ్యూనిటీ హాలు నిండిపోయింది. పట్టు పావడాలు, మల్లెపూల వాసన, వెనక గదిలో పులిహోర గిన్నెలు. తలుపు దగ్గర కార్యక్రమాల కాగితం చేతికిచ్చారు. ప్రసంగాల జాబితా చదివాను. తొమ్మిది పేర్లున్నాయి. ఆ అమ్మాయి పేరు లేదు. పొరపాటున చూడలేదేమోనని మళ్ళీ చదివాను. లేదు.

అంకుల్ స్టేజీ పక్కన మైకు సరిచేయిస్తున్నాడు.

"అంకుల్, ఒక పేరు తగ్గింది."

"టైం సరిపోలేదమ్మా. వచ్చే ఏడు చూద్దాం."

"నాకు ముందే చెప్పొచ్చు కదా."

"చెప్తే నువ్వు ఒప్పుకుంటావా?" అన్నాడు, నా వైపు చూడకుండా.

నిజమే. ఒప్పుకునేదాన్ని కాదు.

వెనక వరసలో వాళ్ళిద్దరూ కూర్చుని ఉన్నారు. ఆ మరని పెద్ద సంచీలో పెట్టి, రెండు రైళ్ళు మారి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. కాగితం అప్పటికే వాళ్ళ చేతిలో ఉంది. ఆయన లేచాడు. "పోనీండి మేడమ్. మేం ఎల్లిపోతాం. పిల్లకి నేను సెప్పుకుంటాన్లెండి." మాట మెత్తగానే ఉంది గానీ మెడ మీద నరం ఉబ్బింది. అమ్మాయి కళ్ళజోడు తీసి పావడా అంచుతో తుడుస్తోంది. తుడుస్తూనే ఉంది.

కాగితం మళ్ళీ చూశాను. నృత్యాలకి రెండు సార్లు టైం ఉంది. అతిథుల సన్మానానికి పావుగంట ఉంది. కింద ఒక చోట "ఉపాధ్యాయుల నివేదిక, అయిదు నిమిషాలు" అని ఉంది. ఆ ఉపాధ్యాయురాల్ని నేనే. ఏటా అక్కడ నిలబడి, ఎంతమంది చేరారు, ఎన్ని పద్యాలు నేర్చారు అని చదివి దిగిపోయేదాన్ని. ఎవరూ వినేవాళ్ళు కాదు.

"కూర్చోండన్నా," అన్నాను. "ఎక్కడికీ వెళ్ళద్దు. ఆ సంచీ విప్పి పెట్టండి."

నా పేరు పిలిచారు. స్టేజీ ఎక్కాను. మైకు పట్టుకుని అన్నాను: "ఈ ఏడాది నేనేం నేర్పానన్నది నేను చదివితే మీకు తెలియదు. నా నివేదిక నా విద్యార్థిని చెప్తుంది. నా అయిదు నిమిషాలూ ఆమెవి."

వెనక నుంచి తండ్రీకూతుళ్ళు నడిచొచ్చారు. ఆయన మరని బల్ల మీద పెట్టి దిగిపోబోయాడు. "మీరూ ఉండండి, పిడి ఎవరు తిప్పుతారు?" అన్నాను. ఆగిపోయాడు. అంకుల్ స్టేజీ పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన మొహం చూడదలుచుకోలేదు, చూడలేదు.

అమ్మాయి మొదటి వాక్యంలోనే తడబడింది. "ఆయన మిలిటరీ ఇంటిలో పుట్టెను" అంది. ముందు వరసలో ఎవరో నవ్వారు. నాకు ఇంజనీరింగ్ క్లాసు గుర్తొచ్చింది. ఆ అమ్మాయి మాత్రం నవ్విన వాళ్ళవైపు ఓసారి చూసి, అదే వాక్యం మళ్ళీ మొదలుపెట్టింది. "ఆయన సైనికుల ఇంట్లో పుట్టాడు. కళ్ళు సరిగ్గా కనిపించేవి కావు, నాలాగే."

ఇక ఆగలేదు. యుద్ధం మొదలైనప్పుడు విమానాలు కర్ర, గుడ్డ, తీగలతో చేసేవారంది. వాటిని మొదట శత్రువు ఎక్కడున్నాడో చూసి రావడానికే పంపేవారంది. ఆయన ముందు నేల మీద పనిచేశాడు, తరవాత వెనక సీట్లో కూర్చుని కిందికి చూసి బొమ్మలు గీశాడు, ఆ తరవాతే తను నడపడం నేర్చుకున్నాడు అంది. ఆకాశంలో ఎదురుపడిన విమానాలవాళ్ళు మొదట్లో ఒకరినొకరు పిస్తోళ్ళతో కాల్చుకునేవారంటే పిల్లలు నవ్వారు. "నవ్వొద్దు, తగిలేవి" అంది సీరియస్‌గా. తరవాత నాన్న వైపు చూసింది. ఆయన పిడి తిప్పాడు. పంకా తిరిగింది, దీపం టకటకా వెలిగి ఆరింది. "రెక్క అడ్డొస్తే తుపాకీ ఆగుతుంది. రెక్క తప్పుకుంటే పేలుతుంది. ఎలా అంటే, ఇదిగో ఈ బిళ్ళకి ఉబ్బు ఉంది..." ఆ మర సంగతి మొత్తం చెప్పింది. ఒక్క ఇంగ్లీషు మాట లేకుండా చెప్పింది. వెనక వరసల్లో నాన్నలు లేచి నిలబడి చూశారు.

ఆ పైలట్ మొదట కూల్చిన విమానం శత్రువుల వైపు పడిపోయింది కాబట్టి అది ఆయన లెక్కలోకి రాలేదట. ఎవరూ చూడలేదు, అందుకని జరగలేదన్నారు. ఆయన మళ్ళీ ఎగిరాడు. ఆ చిన్న వయసులోనే ఆ దేశపు పెద్ద పతకం మెడలో వేశారు.

గంట మోగింది. అయిదు నిమిషాలు అయిపోయాయి. గంట కొట్టింది అంకులే.

అమ్మాయి ఆయన వైపు తిరిగింది. "ఇంకా అవ్వలేదు అంకుల్. ఆయన ఇంకా చనిపోలేదు."

హాలంతా గొల్లున నవ్వింది. ఆమె నవ్వలేదు. నవ్వులు తగ్గేదాకా ఆగి మళ్ళీ మొదలుపెట్టింది.

"ఒక రోజు పైకి వెళ్ళి తిరిగి రాలేదు. వేరే దేశం పైలట్ ఆయన్ని కూల్చాడు. అప్పటికి చాలా చిన్నవాడు. ఆయన చంపినవాళ్ళు కూడా చిన్నవాళ్ళే. ఆయన హీరో అని నేను చెప్పట్లేదు. చంపడం నాకు నచ్చలేదు. ఎగరడం నచ్చింది. కళ్ళజోడు ఉంది కాబట్టి కుదరదు అని ఎవరైనా అంటే, నేను ఇంక నమ్మను. అంతే."

నమస్కారం పెట్టడం మర్చిపోయి దిగిపోయింది.

చప్పట్లు కొట్టారు. కొందరు కొట్టలేదు. బహుమతులు మిగతా తొమ్మిది మందిలో పంచారు. ఈమె పేరు జాబితాలో లేదు కాబట్టి ఎవరూ తలవలేదు. ఒక తల్లి మాత్రం వచ్చి, "మా వాడు ఆ మర మళ్ళీ తిప్పి చూపించమంటున్నాడు" అంది. ఆ మాట విన్నాక తండ్రి మొదటిసారి నవ్వాడు. పులిహోర తినే టైంలో ఆయన చుట్టూ ఐటీ నాన్నలు పదిమంది చేరి, ఉబ్బు ఎక్కడ పెట్టాలో ఎలా కొలిచావని అడుగుతున్నారు. ఆయన పళ్ళెం పక్కన పెట్టేసి చేతులు తిప్పుతూ చెప్తున్నాడు.

అంకుల్ నా దగ్గరికొచ్చాడు. "పదిమందిలో నన్ను చిన్నబుచ్చావమ్మా."

"మీరు ఆ పిల్లని చిన్నబుచ్చారంకుల్."

"బడి అన్నాక ఒక పద్ధతుంటుంది."

"పేరు కొట్టేసేముందు చెప్పడం కూడా పద్ధతే."

ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. అది కోపమో బాధో నాకిప్పటికీ తెలియదు. "వచ్చే టర్ము నువ్వు కొంచెం రెస్టు తీసుకో" అన్నాడు. మర్నాడు బడి వాట్సాప్ గ్రూపులో నేను లేను. తీసేసింది ఎవరో అడగలేదు. ఆయన క్షమాపణ అడగలేదు, నేనూ అడగలేదు. తరవాత ఒకసారి రైల్లో కనిపిస్తే, మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగాను. తగ్గిందన్నాడు. అంతవరకే.

రెస్టు మాత్రం తీసుకోలేదు. ఇప్పుడు శనివారాలు నేనే రెండు రైళ్ళు మారి జురాంగ్ వెస్ట్ వెళ్తున్నాను. వాళ్ళ బ్లాకు కింద ఖాళీ జాగాలో రాతి బల్లలున్నాయి. ఆ అమ్మాయి నాన్న పొద్దున్నే దిగి, బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి మాకోసం చోప్ చేసి, అంటే జాగా పట్టి ఉంచుతాడు. పిల్లలు అయిదుగురున్నారు. సెంగ్‌కాంగ్ నుంచి ఇద్దరు వస్తారు, వాళ్ళ అమ్మానాన్నలు అంకుల్‌కి చెప్పకుండా. నెలకోసారి పాఠం ఆ అమ్మాయి నాన్నే చెప్తాడు. మొదటిరోజు "నాకేటి వొచ్చండి, నేను పదోక్లాసు తప్పినోణ్ణి" అని చాలాసేపు రానన్నాడు. ఇప్పుడు ముందు రోజే ఏం చెప్పాలో కాగితం మీద బొమ్మ గీసుకుని వస్తున్నాడు.

అమ్మాయి కళ్ళ సంగతి. డాక్టరుని అడిగారు. పైలట్ పరీక్షలకి ఎంత పవరు దాకా ఒప్పుకుంటారన్నది ఎక్కడికక్కడ మారుతుంది, ఇంకా చాలా టైముంది, చూద్దాం అన్నాడట. కుదరదని అనలేదు. కుదురుతుందనీ అనలేదు. ఆమె ఆ మాట నాతో చెప్పి, వెంటనే, "విమానం ల్యాండ్ అవ్వడాన్ని తెలుగులో ఏమనాలి ఆంటీ?" అంది.

"దిగడం," అన్నాను.

"మెట్లు దిగినట్టా? బాలేదు."

"వాలడం అనొచ్చు. పిట్ట కొమ్మ మీద వాలినట్టు."

వాళ్ళ నాన్న తల అడ్డంగా ఊపాడు. "పిట్ట దానంతటదే వాలుతుంది మేడమ్. దీన్ని మనిషి దింపాల. దింపడమే."

అమ్మాయి ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు. అరగంట నుంచి వాదించుకుంటున్నాం, పక్క బల్ల మీద చదరంగం ఆడే ముసలాయన మాకేసి చిరాగ్గా చూస్తున్నా గొంతు తగ్గించలేదు.